మా తమ్ముడి పిట్టల నడక

ఏంటే తల్లీ, పొద్దున్నే మెళ్ళో ఆ బైనాక్యులర్స్? పిట్టల్ని చూడ్డానికా! అయితే నువ్వు అచ్చం మీ తాత మనవరాలివే. రా, ఇలా కూర్చో, వెళుదువుగాని. మీ తాత, అదే మా తమ్ముడు, బస్టాండులో ఏ బస్సు ఎక్కడికో కేకేసి చెప్పేవాడు కదా. మైకు పాడైనా ఎవరికీ తెలిసేది కాదు, అంత గొంతు! చెట్లు చిగురేసే రోజులొస్తే ప్రతి ఆదివారం పార్కు గేటు దగ్గర బోర్డు పెట్టేవాడు, ‘పిట్టల నడక, కొత్తగా నేర్చుకునేవాళ్లకు’ అని. అంటే నడుస్తూ పిట్టల్ని చూపించడమన్నమాట. పిట్టల గురించి వాడికి తెలియంది లేదులే, కానీ ఏం లాభం? "అందరూ నిశ్శబ్దం!" అని వాడొక్క కేక వేస్తే కాకులు కూడా పరారు. "బాబూ, ఇవాళైనా ఓ ఈక కనిపిస్తుందా?" అనేవారు మా వీధి టైలరు గారు, పాపం. అయినా అందరూ వచ్చేవాళ్లు, నవ్వుకోడానికి.

ఒక ఏడాది మందుల షాపావిడ కూడా చేరింది. ఎవరనుకున్నావ్, మీ నాన్నమ్మే! అప్పటికి పెళ్ళి మాటెత్తితే ఇద్దరూ ఆమడ దూరం. మూడో వారం ఆవిడ మొహమ్మీదే అనేసింది, "ఏమండీ, ఇన్నాళ్లకీ నేను చూసింది మీ వీపొక్కటే" అని. వీడు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "అక్కా, ఆవిడ ఇక రాదేమోనే" అంటాడు. "రాకపోతే నీకేంట్రా?" అన్నాను. కంచం వదిలి లేచిపోయాడు. ఓహో అనుకున్నాను.

మరుసటి ఆదివారం నోటికి మఫ్లరు కట్టుకుని దిగాడు! నేనూ వెళ్ళాన్లే, ఆ వేడుక వదులుకుంటానా? అందరం పిల్లుల్లా నడుస్తున్నాం. ఇంతలో కొమ్మ మీద వంగపండు పిట్ట, ఒళ్లంతా పసుపు పూసినట్టు! వాడు చెయ్యి చూపిస్తాడు, గంతులేస్తాడు, ఆవిడేమో వేరే చెట్టు చూస్తోంది. ఇక ఆగలేక రెండు వేళ్లతో ఆవిడ గడ్డం పట్టుకుని ఇటు తిప్పేశాడు! టైలరు గారు నాలిక్కరుచుకున్నారు. ఆవిడ చూసింది. "అబ్బ, ఎంత బావుందో" అంది మెల్లిగా. చెయ్యి తియ్యమనలేదు చూడూ! ఆ సంతోషం పట్టలేక వీడు మఫ్లరు లాగేసి "కనిపించిందా!" అని ఒక్క అరుపు. పిట్ట తుర్రు, దారిన పోయే పాలవాడి సైకిలు దబ్బు! మీ నాన్నమ్మ గడ్డి మీద కూలబడి, కడుపు పట్టుకుని, "కనిపించిందండీ, కనిపించింది" అని ఒకటే నవ్వు.

పెళ్ళైన మొదటి ఆదివారం మేమంతా గేటు దగ్గర పడిగాపులు. ఎంతకీ రారు. టైలరు గారు ఇంటికెళ్లి తలుపు కొడితే, కిటికీలోంచి మీ నాన్నమ్మ "ఇవాళ పిట్టలకి సెలవండీ!" అని టక్కున రెక్క మూసేసిందట. హహ్హ! వాడు పోయాక ఒకసారి వెళ్ళాను ఆ పార్కుకి. ఎన్ని పిట్టలనుకున్నావ్, కొమ్మకొకటి. ఒక్కటీ బెదరదు...

సరేలే, నీకు ఆలస్యమవుతోంది. నీళ్ల సీసా పెట్టుకున్నావా?