అమ్మ పొగబెట్టిన మాంసం

దిల్‌సుఖ్‌నగర్‌లో అక్క ఇంటికి తమ్ముడు వచ్చేసరికి ఆమె ఫ్రిజ్ తుడుస్తోంది.

"అమ్మ పోయేముందు పొగబెట్టిన మాంసం తమ్మీ. నీ వంతు ఫ్రీజర్ల దాచిన. ఊరికి పోయొచ్చేసరికి ఫ్రిజ్ ఖరాబైంది. ఎప్పుడు ఆగిందో, అంత కరిగి వెచ్చగైంది."

"వాసనైతే రాలే. మంచిగ ఉడకబెట్టి తిందాం అక్కా."

"పొగబెట్టినా పాడైతది. కొన్ని విషాలు ఎంత ఉడకబెట్టినా పోవు. పారెయ్యాలె."

"అమ్మ చేతిది ఇదే ఆఖరు గదా."

"అందుకే తిననీకి రమ్మని ఎన్నిసార్లు ఫోన్ చేసిన. ఒస్తా ఒస్తా అంటివి."

"డ్యూటీ ఉండె."

"అమ్మ మంచంల ఉన్నప్పుడు గూడ గదే చెప్పినవ్."

తమ్ముడు మాంసం ఉన్న సంచి కోసం చెయ్యి చాపాడు.

"సంచి ఇయ్యి అక్కా. నేనే పడేసొస్త."