నాలుగు వందల పన్నెండు బొటనవేళ్ళు

మంగళవారం, పొద్దున్న పదిన్నర. యానాం కనకాలపేటలో మంగతాయారు ఇంటి వసారా. ఆవిడ గోంగూర వలుస్తోంది. ఎదురుగా కొడుకు మణికంఠ, వాడి ముందు నాలుగు ఫోన్లు.

"ఉప్మా సంగతి తర్వాత. ముందు నేనడిగినదానికి చెప్పమ్మా. నిన్న ఏది నొక్కావు?"

"నువ్వు నొక్కమన్నదే నొక్కాన్రా. చల్లారిపోతోంది, తిను."

"నేను నొక్కమన్నది ఏది?"

"బొటనవేలు."

"బొటనవేళ్ళు రెండుంటాయక్కడ. ఒకటి పైకి, ఒకటి కిందకి. ఏది?"

"నాలుగు ఫోన్లు, పద్నాలుగు పేర్లు నా ఒళ్ళో పడేసి పోయావు. నాకున్నవి రెండు కళ్ళు. అందులో ఒకదానికి శుక్లం."

"అమ్మా."

"అసలా పద్నాలుగు పేర్లేంట్రా? ఒకటి నీది. ఒకటి నాది, నన్నడక్కుండా. మీ నాన్నది, సరే. మీ అమ్మమ్మ పేరు ఎందుకు పెట్టావు? ఆవిడ పోయి ఆరేళ్ళయింది. నిన్న తెర మీద ఆవిడ ఫోటో కనిపించేసరికి లేచి దణ్ణం పెట్టుకున్నాను. పోయినవాళ్ళ చేత ఓటేయిస్తే జైలంట."

"అది ఓటు కాదమ్మా. అభిప్రాయం."

"పోయినవాళ్ళకి అభిప్రాయాలేంట్రా?"

"మళ్ళీ మొదట్నుంచీ చెప్తాను, విను. 'మన యానాం మన మాట' పేజీలో ప్రశ్న పెట్టారు. మంగళవారం సంతలోకి బయటూళ్ళ వాళ్ళని రానివ్వాలా వద్దా అని. రానివ్వద్దని మా అచ్చ యానాం సేన రాసింది. రానివ్వాలని సెబాస్టియన్ మాస్టారు రాశారు. ఎవరి రాత మీదైనా వంద వేళ్ళు కిందకి పడ్డాయనుకో, ఆ రాత మాయమైపోద్ది. ఇంకెవరికీ కనిపించదు. ఎక్కువ వేళ్ళు పైకి పడ్డ రాతేమో సోమవారం సాయంత్రం ఆరింటికి మున్సిపాలిటీ ఆఫీసుకి అర్జీగా వెళ్ళిపోద్ది. ఆ తర్వాత లెక్క తప్ప ఎవరేం నొక్కారో ఫోన్లో కనిపించదు. మాస్టారి రాతని కిందకి తొక్కమని నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

"చెప్పావు. మూడింటికి నొక్కమన్నావు. మూడింటికే నొక్కాను. నేనేమన్నా టైము తప్పానా?"

"మరి మాస్టారి రాత మీద నాలుగు వందల పన్నెండు వేళ్ళు పైకి ఎలా లేచాయి? కిందకి పడింది ఒకే ఒక్కటి. అది కూడా మాస్టారే కళ్ళజోడు లేకుండా నొక్కుకున్నారంట."

"పాపం. ఆయనకి పోయిన నెలే కళ్ళజోడు మార్చారు."

"మాస్టారి కళ్ళజోడు సంగతి కాదమ్మా. ఇప్పటిదాకా మా సేన ముప్పై ఏడు రాతలు మాయం చేసింది. ముప్పై ఏడుకి ముప్పై ఏడు. ఒక్కటి కూడా తప్పిపోలేదు."

"అవును మరి. సంతలో తోటకూర లేతగా ఉందని రాసినావిడని కూడా మాయం చేశారు. ఏం తప్పు రాసిందిరా ఆవిడ?"

"అది యానాంది కాదమ్మా, ఇంజరం తోటకూర."

"నేనూ ఇంజరం పిల్లనే కదరా."

"నువ్వు పెళ్ళై వచ్చావు. కాపురానికొచ్చినవాళ్ళకి మినహాయింపు ఉంది. రూల్సులో మూడోది. మా లీడరు వీరబాబన్న వాళ్ళమ్మగారిది మురమళ్ళ కదా, అందుకని అన్న స్వయంగా రాయించాడు."

"మరి తోటకూరని కూడా ఎవరికన్నా ఇచ్చి పెళ్ళి చేస్తే సరిపోయేది కదా."

"నవ్వకమ్మా."

"నేనెక్కడ నవ్వాన్రా. నాకు నవ్వు వచ్చి ఎన్నాళ్ళయింది. అంత పట్టింపు ఉన్నవాడివి ఆ ఫోన్లు నీతో పట్టుకెళ్ళి నువ్వే నొక్కుకోవచ్చు కదా."

"యానాం దాటితే ఆ పేజీ వేలు తీసుకోదు. తాళ్ళరేవులో నిలబడి నొక్కినా లెక్కలోకి రాదు. అందుకే ముప్పైమందిమీ ఫోన్లు ఇళ్ళలో అమ్మలకి అప్పజెప్పి కాకినాడ వెళ్ళాం."

"టీషర్టులకి."

"టీషర్టులకి. ఇవాళ సంత దగ్గర అందరం ఒకే రంగులో నిలబడాలని."

"టీషర్టులు యానాంలో దొరకవా?"

"దొరుకుతాయి. కాకినాడలో చవక."

"అంటే బయటూళ్ళ సరుకు మీరు..."

"అది వేరు, ఇది వేరు."

"సరే, వేరేలే. నాకేం తెలుసు, ఏడో తరగతి చదువుకున్నదాన్ని. నాకు తెలిసిందొకటే. నీ ఫైర్ స్టేషన్ ఉద్యోగం కాగితాలు పోలీసుల దగ్గరున్నాయి. శుక్రవారం వెరిఫికేషన్‌కి వస్తారు. మీ అబ్బాయి నడవడి ఎలాంటిదమ్మా అని ఆ కానిస్టేబులు అడిగితే నేనేం చెప్పాలి? మావాడు బుద్ధిమంతుడండి, పోయిన అమ్మమ్మ చేత తోటకూర మీద కక్ష తీర్పిస్తున్నాడండి అని చెప్పనా?"

"ఎవడికీ తెలియదమ్మా."

"ఎందుకు తెలియదు? అన్నీ పైనెక్కడో రాసి ఉంటాయంట, మబ్బుల్లో. టీవీలో చెప్పారు. మొన్న ఎక్కడో ఒకడు పడుకుని ఫోను నొక్కుకుంటుంటే మంచం మీదే పట్టుకున్నారంట. ఆ మంచం కూడా స్టేషన్‌కి తీసుకెళ్ళారంట. నాలుగేళ్ళు చదివావు, రెండుసార్లు పరుగు పందెంలో పడి లేచి మూడోసారి నెగ్గావు. ఒక్క వేలి కోసం ఇదంతా పోతే నేను బతకను."

"అమ్మా, సూటిగా చెప్పు. పైకి నొక్కావా?"

"ఉప్మా చల్లారిపోయిందిరా."

"నొక్కావు."

"నువ్వే ఆలోచించరా. ఒకణ్ణి కిందకి తొక్కితే వాడు కేసు పెడతాడు. అదే పైకెత్తావనుకో, ఎవడన్నా కేసు పెడతాడా? నన్ను మెచ్చుకున్నారండి, నాకు న్యాయం చెయ్యండి అని స్టేషన్ మెట్లెక్కినవాడు ఈ లోకంలో ఉన్నాడా?"

"పద్నాలుగూ పైకేనా?"

"అమ్మమ్మది మూడుసార్లు నొక్కాను. ఒకసారి పైకి వెళ్ళింది. పడిందో లేదోనని మళ్ళీ నొక్కితే పోయింది. ఇంకోసారి నొక్కితే వచ్చింది. ఉన్నప్పుడూ అంతే, ఆవిడ ఒక్కసారి చెప్తే వినేది కాదు."

"నన్ను నిలువునా ముంచావు. అన్న ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. మనలో ఒక ద్రోహి ఉన్నాడని పొద్దున్నే గ్రూపులో పెట్టాడు. దొరికితే వాడి ఫోటో పేజీలో వేసి, వాడి దొంగ పేర్ల చిట్టా తనే తీసుకెళ్ళి స్టేషన్లో ఇస్తాడంట."

"తన చిట్టా కూడా ఇస్తాడా?"

"తనదెందుకిస్తాడు, లీడరు కదా."

"శుక్రవారం వెరిఫికేషన్ పెట్టుకుని మంగళవారం చిట్టా ఇస్తే ఎలారా? నువ్వు దొడ్డిగోడ దూకి మీ పెదనాన్న ఇంటికి పో. హెల్మెట్ పెట్టుకో, గోడ మీద గాజుపెంకులున్నాయి."

"నేనెక్కడికీ పోను. అన్నీ కిందకే నొక్కామని చెప్తాను. నువ్వు మాత్రం నోరు తెరవకు. మన పద్నాలుగు సరే గానీ, మిగతా నాలుగొందలూ ఎక్కడివో నాకు అర్థం కావట్లేదు."

"ఈ గోంగూర నిండా పుల్లలే."

"అమ్మా, మిగతావి ఎవరు నొక్కారు?"

"అదిగో, బండి చప్పుడు."

"పిన్నిగారూ, మణికంఠ ఉన్నాడాండీ?"

"ఆయ్, ఉన్నాడు వీరబాబూ. రా, కూర్చో. ఉప్మా తింటావా? ఈ టీషర్టు బాగుంది. పులా అది?"

"సింహం పిన్నిగారూ."

"ఓహో. మూతి చూసి పిల్లేమో అనుకుని, అడిగితే బాగుండదని పులన్నాను."

"కాకినాడవాడు బొమ్మ సాగదీశాడండి. ఒరేయ్ మణీ, మీ ఇంట్లో ఏది నొక్కారు?"

"అన్నీ కిందకే నొక్కామన్నా."

"అందరూ అదే అంటున్నారు. ముప్పై ఇళ్ళకి ఇరవై తొమ్మిది అయిపోయాయి, మా ఇంటితో కలిపి. ఇరవై తొమ్మిది ఇళ్ళలోనూ ఒట్టు పడింది. ఇక మిగిలింది నువ్వొక్కడివే."

"ఒట్టా? దేనిమీద బాబూ?"

"సేన రూలు పిన్నిగారూ. అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి, మా ఇంట్లో ఒక్క వేలు కూడా పైకి లేవలేదని చెప్పాలి. అబద్ధమాడితే ఆ అమ్మకి ఏమవుతుందో మీకు తెలియనిదేముంది?"

"ఎన్నాళ్ళకవుతుంది?"

"ఏది?"

"అదే. అబద్ధపు ఒట్టు. అక్కడికక్కడే పోతారా, కాస్త టైమిస్తుందా?"

"మా చిన్నప్పుడు వారం అనేవారండి."

"వారమా. అంటే వచ్చే మంగళవారం. ఈలోపు శుక్రవారం వస్తుంది, వెరిఫికేషన్ అయిపోద్ది. సరే, వెయ్యరా మణీ."

"అమ్మా, ఏం మాట్లాడుతున్నావు?"

"ఇటు రా. తలకి నూనె రాసుకున్నాను, చెయ్యి జారుతుంది, గట్టిగా పెట్టు."

"నేను పెట్టను."

"పెట్టరా. ఆ పచ్చడి జాడీ మీద మూత సరిగ్గా పెట్టడం మర్చిపోకు, మీ నాన్న చూసుకోడు. నీ యూనిఫారం ఇస్త్రీ మాత్రం వీధి చివరి ఆంథోనీకే వెయ్యి, ఇంకొకడైతే కాల్చేస్తాడు."

"అన్నా, నేను ఒట్టు వెయ్యను. పైకి నొక్కింది మా ఇంట్లోనే. నేనే నొక్కాను. నా ఫోటో వేసుకో, చిట్టా ఇచ్చుకో."

"అబద్ధం బాబూ. వాడు కాకినాడలో నీ పక్కనే ఉన్నాడు. నొక్కింది నేను. నా చిట్టా ఇవ్వు. నాకు ఏ ఉద్యోగానికీ వెరిఫికేషన్ లేదు."

"పిన్నిగారూ, మీరా?"

"పద్నాలుగు. మూడు ముప్పావు దాకా పట్టింది."

"పద్నాలుగైతే పద్నాలుగే పడాలి కదండీ. మరి అక్కడ నాలుగు వందల పన్నెండున్నాయి. మీ వెనక ఎవరున్నారు? ఎవరి డబ్బు ఇది? ఇంజరం వాళ్ళదా?"

"అన్నా, ఒక్కమాట. మన సేన పేర్లు మొత్తం ఎన్ని?"

"ముప్పైమందివీ కలిపి నాలుగొందల ఆరు."

"నాలుగొందల పన్నెండులో నాలుగొందల ఆరు తీసేస్తే..."

"ఆరు. ఆ ఆరూ ఎవరివిరా?"

"నిజం మనుషులవేమో అన్నా."

"ఏం కూస్తున్నావ్? ఇరవై తొమ్మిది మంది ఒట్టేశారు."

"వీరబాబూ, ఆ ఇరవై తొమ్మిది మందీ కూడా అమ్మల నెత్తి మీదే చెయ్యి పెట్టారా? గోడ మీదో, గుమ్మం మీదో పెట్టినవాళ్ళెవరూ లేరా?"

"రూలంటే రూలేనండి. అయినా చిత్రం పిన్నిగారూ, ఇవాళ ఏ ఇంటికెళ్ళినా అమ్మలకి ఒంట్లో బాగుండలేదు. సాయిగణేష్ వాళ్ళమ్మగారు చెయ్యి పడీ పడకుండానే కుర్చీలో కూలబడిపోయారు. దరియాలతిప్పలో తెరేసాగారైతే శిలువ పట్టుకుని కూర్చున్నారు, ఒట్టయ్యాక కూడా వదల్లేదు. ఎండలు."

"ఎండలే. మరి నీ ఒట్టు?"

"అందరికంటే ముందు నాదే. లీడరన్నవాడు ముందుండాలి కదా. అరవై పేర్లు నావి. అరవైలో ఒక్కటి కూడా పైకి పోలేదని మా అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి మూడుసార్లు చెప్పాను."

"మూడుసార్లా?"

"గట్టిగా ఉంటుందని. అమ్మ దగ్గర అలాంటి పొరపాట్లు ఉండవండి."

"ఆవిడ ఏమీ అనలేదా?"

"ఏమనలేదు. కాస్త కళ్ళు తిరుగుతున్నాయని పడుకుంది. నేను బయల్దేరేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, బీరువా తాళాలు ఎక్కడున్నాయో చెప్పింది. ఎందుకో అర్థం కాలేదు."

"అమ్మా, మాట్లాడవేంటి?"

"నోరు తెరవకన్నావు కదరా."

"పిన్నిగారూ, మీకేదో తెలుసు."

"కోప్పడకు బాబూ. మీరు సోమవారం ఫోన్లు ఇచ్చి పోతామన్నారు కదా, ఆదివారం మా పొదుపు సంఘం మీటింగు జరిగింది. మీ అమ్మలం ముప్పైమందిమీ వచ్చాం. పిల్లలు ఎక్కడ కేసుల్లో ఇరుక్కుంటారో అని ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, తిట్టినవాళ్ళు తిట్టారు. ఆఖరికి ఏ ఫోను చేతికిచ్చినా పైకే నొక్కాలని తీర్మానం రాసుకుని సంతకాలు పెట్టాం. ఒక్కరంటే ఒక్కరు కూడా వెనక్కి తగ్గలేదు. ఇదిగో నీ బండి తాళం, ముందు ఇంటికి పరిగెత్తు నాయనా. ఆ తీర్మానం చెప్పి రాయించింది మీ అమ్మే."