పొగగొట్టం పేజీ

మధ్యాహ్నం ప్రింట్ షాపులో ఓ పెద్దాయన, మిషన్ దగ్గర అమ్మాయి తప్ప ఎవరూ లేరు.

“నిన్నటి పేజీయే మళ్ళీ తియ్యమ్మా. సైజు తగ్గింది. పొగగొట్టం కత్తిరించి అంటిస్తే, ఈ పేజీల ముక్కలతో నేను కడుతున్న ఓడ మీద కూర్చోవడం లేదు.”

“అయ్యో, నా పొరపాటే బాబాయిగారూ! అయినా రోజుకో పేజీ ఏమిటండీ? నలభై పేజీలూ ఒకేసారి తీయించుకుంటే ఈ తిప్పలుండేవా?”

“ఉండేవి కావులే. ఇదే ఆఖరిది.”

“అయితే కాగితం ఓడ రెడీ! ముందు ఎవరికి చూపిస్తారు?”

“ఎవరున్నారమ్మా? తాళం వేసేదీ నేనే, తీసేదీ నేనే.”

మిషన్ ఆగింది. పెద్దాయన జేబులోంచి స్కేలు తీసి కాగితం మీద పెట్టాడు.

“ఈసారి కొలత సరిపోయింది.”

“లేదండీ, తేడా ఉంది. ఇటివ్వండి. రేపు రండి, మళ్ళీ తీస్తాను.”

“సరిగ్గా ఉందని స్కేలు చెబుతోందిగా?”

“స్కేలుకేం తెలుసండీ! రేపు రండి.”