ఏడిస్తే వెలిగే బల్బు

నూజివీడు దగ్గర రెడ్డిగూడెం. ఎనభై ఆరో సంవత్సరం, మామిడి కోతల కాలం. తోటలోని ఇంట్లో ముగ్గురు: చిన్నతనంలోనే వినికిడి పోయిన భాగ్యవతి, ఆమె అన్న అయిన రేడియో మెకానిక్ రాయప్ప, ఆమె ఆడపడుచు మగ్దలేనమ్మ. ఉయ్యాలలో భాగ్యవతి కూతురు, ఏడు నెలల సలోమి.

“సంచి సర్దేశావా భాగ్యం? ఇటు చూడు. సంచి. పాప గౌన్లు.”

“సర్దాను వదినా.”

“చింతలపూడి బస్సు వచ్చేస్తుంది మరి.”

“వదినగారూ, ఒక్క నిమిషం కూర్చోండి. నేను నూజివీడు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చింది మీకు ఇది చూపించడానికే.”

“ఏంటది రాయప్పా? సబ్బుపెట్టెలా ఉంది.”

“సబ్బుపెట్టేనండి. లోపల పాత టేప్‌రికార్డర్ మైకు, టార్చిలైటు సెల్స్ పెట్టాను. ఉయ్యాలకి కడితే పాప ఏడ్చినప్పుడల్లా ఈ బల్బు వెలుగుతుంది. వైరు పొడుగ్గానే ఉంది. భాగ్యం కాయలు సర్దుకునే చోట ముందర పెట్టుకోవచ్చు.”

“ఎండలో కనపడుతుందా ఆ బల్బు?”

“డబ్బా లోపల బిగించానండి. నీడగా ఉంటుంది.”

“మరి నిద్రలోనో? కళ్ళు మూసుకున్నాక బల్బేం చేస్తుంది?”

“దానికీ చూశాను. టేప్‌రికార్డర్ మోటారుకి ఓ పక్కన సీసం ముక్క అంటించాను. దిండు కింద పెట్టుకుంటే గడగడా వణుకుతుంది. పట్టుకో భాగ్యం.”

“అమ్మో! తేనెటీగని గుప్పిట్లో పట్టుకున్నట్టుంది అన్నయ్యా!”

“చూశారా వదినగారూ? సంచిలో వేసుకుని తోటకైనా తీసుకెళ్ళొచ్చు, చర్చికైనా తీసుకెళ్ళొచ్చు. కరెంటుతో పనే లేదు.”

“బాగానే ఉంది. కానీ పిల్లని పెంచుకోడానికి ఇస్తానని తమ్ముడు నాకు మాటిచ్చాడు రాయప్పా.”

“సువర్ణరాజు బావ ఏడండీ? ఆ మాట బావ నోటితో...”

“కాయల లారీతో వెళ్ళాడు. కావాలనే వెళ్ళాడు. పిల్లని తీసుకెళ్తుంటే చూడలేక.”

“ఏమంటున్నారు వదినా? నా వైపు తిరిగి చెప్పండి.”

“ఏం లేదమ్మా. బస్సు టైమైందంటున్నాను.”

“కాదు. ఆయన గురించి ఏదో అన్నారు.”

“పోయిన వారం ఏం జరిగిందో మర్చిపోయావా భాగ్యం? కొమ్మకి కట్టిన ఉయ్యాలలోకి ఎర్రచీమలు దిగాయి. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అవతలి తోటలో కాయలు కోసేవాళ్ళు విని పరిగెత్తుకొచ్చారు. నువ్వేమో నాలుగడుగుల దూరంలో అటు తిరిగి బుట్టలో గడ్డి పరుచుకుంటున్నావు.”

“మెల్లగా చెప్పండి.”

“ఇంకెంత మెల్లగా చెప్పను! ఒళ్ళంతా దద్దుర్లమ్మా. నా కళ్ళతో చూశాను.”

“నేను చూడలేదా వదినా? కొబ్బరినూనె రాసింది నేను కాదా?”

“నీ తప్పని అనట్లేదు. దాన్ని ప్రాణంలా చూసుకుంటాను. ఉయ్యాల కొన్నాను. పాస్టరుగారికి కూడా చెప్పేశాను. మా ఇంట్లో ఓ పసిపిల్ల ఏడుపు వినపడాలని ఎన్నేళ్ళు ప్రార్థన చేశానో మీకేం తెలుసు!”

“చీమల రోజున ఇది ఉండుంటే బల్బు వెలిగేది కదండీ.”

“సెల్స్ అయిపోతే? వైరు ఊడితే? వానకి తడిస్తే? నువ్వేమో నూజివీడులో ఉంటావు. మిషన్ని నమ్ముకుని పిల్లని వదిలేస్తామా?”

“సెల్స్ నేను వచ్చి మారుస్తానండి. ప్రతి ఆదివారం...”

“వద్దు రాయప్పా. అందరూ ఒప్పుకున్నాక నువ్వు మధ్యలో దూరకు.”

“భాగ్యం ఒప్పుకుందా?”

“ఒప్పుకోక?”

“దాన్ని అడిగారా అసలు?”

“అన్నయ్యా, పోట్లాడకు. మీ మొహాలు చూస్తే తెలుస్తోంది నాకు. వదినా, మీ మాట కాదనను. పాపని తీసుకెళ్ళండి. కానీ అన్నయ్య ఇంత కష్టపడి చేసుకొచ్చాడు. పనిచేస్తుందో లేదో ఒక్కసారి చూసి వెళ్ళండి.”

“ఏడిస్తే కదా చూడ్డానికి. హాయిగా మామిడాకు పట్టుకుని ఆడుకుంటోంది.”

“ఏడవక్కర్లేదండి. గట్టి చప్పుడు ఏదైనా చాలు. చప్పట్లు కొడుతున్నాను, చూడండి. అదిగో!”

“వెలిగింది అన్నయ్యా! వదినా, మీరు కూడా కొట్టండి. లేకపోతే అన్నయ్యే ఏదో మీట నొక్కాడనుకుంటారు. ఆ కంచం, గరిటె తీసుకోండి. పాప తల వెనకాల నిలబడండి.”

“జడుసుకుంటుందేమోనే, పసిది.”

“నేను ఎత్తుకుంటాలెండి. కొట్టండి.”

“సరే... ఇదిగో.”

“వెలిగింది. ఇంకా గట్టిగా కొట్టండి వదినా. ఇంకాస్త దగ్గరగా.”

“అబ్బ, నా చెవులే చిల్లులు పడుతున్నాయి!”

“చాలండి వదినగారూ, బల్బు బ్రహ్మాండంగా వెలుగుతోంది. వదినగారూ? ఏంటండీ అలా చూస్తున్నారు?”

“నేను బల్బునే చూస్తున్నాను వదినా. పాప జడుసుకుందా?”

“లేదు.”

“ఏడ్చిందా?”

“లేదు... సలోమీ! సలోమీ, ఇటు చూడమ్మా! రాయప్పా, ఇంత చప్పుడు చేస్తే ఇది తల కూడా తిప్పలేదేంటి?”

“ఆకు మీద ధ్యాసేమోనండి.”

“చెవి పక్కన కొట్టాను! ఆ ఆకు తీసెయ్. మళ్ళీ కొడతాను ఉండు. చూడు... చూడు రాయప్పా, రెప్పయినా వెయ్యలేదు.”

“ప్రభువా.”

“ఏంటి? ఇద్దరూ అలా అయిపోయారేంటి? నాకూ చెప్పండి.”

“భాగ్యం... పాపకి కూడా...”

“నోరు తెరిచి సరిగ్గా చెప్పు అన్నయ్యా.”

“వినపడటం లేదమ్మా. నీలాగే.”

“...బస్సు హారన్ కొట్టిందా? ఇద్దరూ రోడ్డు వైపు చూశారు. వదినా, సంచి ఇదిగో. పాపని అందుకోండి.”

“ఉండు భాగ్యం. ఈ పూటకి... ముందు విజయవాడలో ఎవరైనా డాక్టరుకి చూపించండి. మా ఆయనకీ ఒక మాట చెప్పాలి కదా. మళ్ళీ వస్తాను.”

“ఎప్పుడొస్తారు?”

“వస్తాలే. కబురు పెడతాను.”

“మరి గౌన్ల సంచి?”

“ఉంచమ్మా. ఇక్కడే ఉంచు.”

“వదినగారూ! ఆగండి, వదినగారూ! ...మీ వదిన వెళ్ళిపోయింది భాగ్యం. పిల్లని ముద్దయినా పెట్టుకోలేదు. అసలు ఈ పెట్టె తేకపోయుంటే బాగుండేది నేను.”

“తెమ్మంది నేనే కదా అన్నయ్యా.”

“నువ్వు అడిగింది ఏడుపు తెలియడానికి.”

“అవును. రాత్రంతా పాప పొట్ట మీద చెయ్యి తీయకుండా పడుకుంటున్నాను. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఇవాళ నిద్రపోతాను. కానీ అన్నయ్యా, ఎవరైనా పిలిస్తే మీరంతా తల తిప్పుతారు. ఊళ్ళో పిల్లలందరూ తిప్పుతారు. ఇది తిప్పదు.”

“అంటే... నీకు ముందే తెలుసా?”

“చెవిటిదాని మాట ఎవరు నమ్ముతారు? మీ చెవులతో మీరే తేల్చుకోవాలి కదా.”

“నాకైనా చెప్పలేకపోయావా భాగ్యం? ఎన్నాళ్ళ నుంచి తెలుసు?”

“ఎప్పట్నుంచో తెలుసు. ఈ సంగతి తెలిస్తే వదిన తీసుకెళ్ళదనీ తెలుసు.”