ఒకటో నంబరు తాబేలు

హలో… ఆ, నేనే… కాదు కాదు, నేను కాదు. మీ మామయ్య టైలర్ షాపు కట్టేసి ఊరొదిలి పారిపోయాడు. నేను ఆయన కుట్టుమిషన్ని మాట్లాడుతున్నా… టకటకటక… నవ్వు, నవ్వు. నర్సు చదువు చదివే పిల్ల ఇలాగేనా ఇకిలించేది? రోగులు మంచాలు దిగి పరిగెడతారు.

తిన్నావా కోడలు పిల్లా?… నేనా? తిన్నాలే… లేదు, తినలేదు. ఆకలి కాలేదు.

ఆ… అందింది నీ లిస్టు. మిషను ఎదురుగా గోడకి గుండుసూదితో గుచ్చా. నీ ఫోను ఆటలో పట్టిన జంతువులన్నీ, ఒకటి నుంచి ఇరవై దాకా, పక్కన బొమ్మలతో సహా. నా కొలతల పుస్తకం కూడా ఇంత శుభ్రంగా ఉండదే…

మేతా?… ఆ మేత సంగతే చెప్దామని… ఉండు, గుక్క తిప్పుకోనీ.

నువ్వేం చెప్పావు? పరీక్షలయ్యేదాకా నీ పాత ఫోను నా దగ్గరుంచి, రోజూ ఆట తెరవమన్నావు. బలం లేనిదాన్ని బలమున్నదానికి మేత వెయ్యి, మింగి ఇంకా బలుస్తుంది అన్నావు. బలాన్ని బట్టి లిస్టులో వరసగా రాశానన్నావు. అంతేనా?… అంతే కదా. మరి ఒకటో నంబరంటే బలమైనదో బక్కదో రాయలేదేం?…

లోకంలో అందరికీ తెలుసా? ఆ లోకంలో నేను లేనుగా! నేను బుద్ధెరిగి చూసిన నంబర్లు సూది నంబర్లే. తొమ్మిదో నంబరు సూది పల్చటి సిల్కుకి. పద్దెనిమిదో నంబరైతే మందపాటి జీన్సు గుడ్డని కూడా పొడిచేస్తుంది. నంబరు పెరిగేకొద్దీ సూది లావు. అందుకని ఇరవయ్యోదే మొనగాడనుకున్నా…

ఆ, ఉబ్బుకప్పే… నవ్వకే. పైగా అనుమానం తీరాలని ఒకటో నంబరు తాబేలుని తెరిచి కూడా చూశా. బలం నలభై! గడప దాటడానికే గంట పట్టేలా ఉంది. సరే, ఇరవైలోకీ బక్కది ఇదేనని ఖాయం చేసుకున్నా…

ఏం చేశానా?… వేసేశా. కప్పకి.

… ఇంగ్లీషులో ఏదో అడిగింది, ఆకుపచ్చ బొత్తాం నొక్కా. కప్ప నోరు తెరిచింది, గుటుక్కుమంది. అంతే. తర్వాత రెండోదాన్ని, ఆ నిప్పుతోడేలుని, వెయ్యబోతే బలం తొమ్మిది వందలని కనపడింది. అప్పుడు ఆగింది చెయ్యి…

ఎందుకే అలా పడీ పడీ నవ్వుతావు?… కాదు, ఇది వేళాకోళం కాదు… అవును, నీకు సీటు రాలేదని నమ్మించి ఏడిపించింది నేనే. నీ తెల్లకోటు జేబులు మూసి కుట్టిందీ నేనే. ఒప్పుకుంటున్నాగా! ఇది అలాంటిది కాదే… నా కత్తెర మీద ఒట్టు… జేబులప్పుడు కూడా కత్తెర మీదే ఒట్టేశానా? వేసే ఉంటాలే.

సరేగానీ, నాకొకటి చెప్పు. నలభై బలమున్నదాన్ని నెత్తికెక్కించి ఒకటో నంబరులో ఎందుకు పెట్టావు?…

… ఎవరు?

… అక్కా?

… మీ అమ్మ పట్టిందా దాన్ని?… ఎప్పుడు?… ఆ. ఆసుపత్రిలో, రక్తం ఎక్కించే గదిలో. కిటికీ పక్క కుర్చీ. నేనూ వచ్చేవాణ్ణి కదే, క్యారేజీ పట్టుకుని. ఫోన్లో ఏంటే ఆ గీకుడు అంటే చెప్పేది కాదు. నావంక చూసి నవ్వేది…

పేరు కూడా పెట్టిందా?… బొమ్మ కింద ఆ ఇంగ్లీషు అక్షరాలా? అది కంపెనీ పేరనుకున్నా. ఇంతకీ ఏమని?…

… కోతి.

… నన్నే. చిన్నప్పటి నుంచీ నన్నే అలా పిలిచేది. పోయే ముందు రోజు కూడా… తాబేలుకి కోతి అని పెట్టింది చూడు. నన్ను మించిన తుంటరిది.

… ఏమనేదీ?… ‘గెలవడు. కానీ ఎన్ని దెబ్బలు తిన్నా పారిపోడు’… అందుకా ఒకటో నంబరు?…

మరి ఇంకా ఎందుకు నవ్వుతున్నావే?… నన్ను నేనే ఎలా మేత వేసుకుంటానంటావా? నాకు తెలియదు కదే! ఇంతకాలం ఒక్కరూ చెప్పలేదు కదే!

అమ్ములూ, ఇలా విను. నీ ఫోన్లో కూడా ఆ ఆట తెరుచుకుంటుందన్నావుగా. తెరువు… ఫోను పెట్టకుండానే తెరువు… ఆ, ఆ చక్రం తిరగనీ. నేను ఉన్నాలే…

…

చూశావా.

… ఎన్నిసార్లు చూసినా అంతే. పొద్దున్నుంచీ నేనూ చూస్తూనే ఉన్నా… అడిగా. పక్క షాపులో ఫోన్లు బాగుచేసేవాణ్ణి అడిగా. మింగింది మింగిందే, కక్కించే బొత్తాం లేదన్నాడు. వాడి చేతే ఆట కంపెనీకి ఇంగ్లీషులో రాయించా కూడా. రెండు నిమిషాల్లో జవాబొచ్చేసింది… కుదరదట.

ఏయ్… మాట్లాడవే. తిట్టు. చదువులేని వెధవ అను. కోతి అను…

ఇదుగో, కప్ప బలం అరవై ఉండేదా, ఇప్పుడు వంద. చూడు, పైనే ఉంది. ఆ నలభై ఎక్కడికీ పోలేదే, దాని పొట్టలోనే ఉంది… లేదా?… లేదులే. నాకూ తెలుసు.

ఎల్లుండి పరీక్ష నీకు. అన్నం ముందునించి లేచిపోకు… ఆ… ఆ…

ఏంటి?… ఏడుపు ఆపి చెప్పు…

… జోకని చెప్పమంటావా.

… ఇన్నాళ్లూ అడక్కుండానే చెప్పేవాణ్ణి…

…

చెప్పలేనే, అమ్ములూ.

… హలో?… హలో…