వర్జీనియాని గెలిపించిన గొంతు

మా కోర్టులో పేర్లు పిలిచే ముసలి టైటస్ కిందటి నెల కాలం చేశాడు. ఆ పని ఎవరికివ్వాలో చెప్పాల్సిన డిప్యూటీ షెరీఫు జెరెమయ్య స్పాట్స్ సత్రం అరుగు మీద పైపు కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఆ పని తనకే రావాలని అబ్సలోమ్ పికెట్‌కి ప్రాణం కొట్టుకుంటోంది. ఆ సంగతి అరుగు మీదున్న మా అందరికీ తెలుసు. ఎవరూ అడక్కుండానే మొదలెట్టాడు.

“నా గొంతు గురించి నేను చెప్పుకుంటే బావుండదు షెరీఫుగారూ. ఏదో మామూలు గొంతు. వాగవతల మేసే ఆవుని పిలిస్తే ఇంటికొస్తుంది, అంతే. పక్కవాళ్ళ ఆవులూ వస్తాయనుకోండి, అది వాటి మర్యాద. నాలుగేళ్ళ కిందట, పద్దెనిమిది వందల సంవత్సరంలో, అధ్యక్షుడి ఎన్నికలు జరిగాయా, ఆ రోజు నాకు జలుబు. అది గుర్తుపెట్టుకోండి. మన వర్జీనియాలో మగాడన్నవాడు మెట్టెక్కి, షెరీఫు ముందు నిలబడి, తన మనిషి పేరు నలుగురూ వినేలా చెప్తాడు కదా, నేనూ అలాగే ఎక్కి, జలుబు గొంతుతో, మెల్లిగానే, ‘జెఫర్సన్’ అన్నాను.”

“మెల్లిగానా?” అంది సత్రం నడిపే డోర్కస్, ఆపిల్ సారా పోస్తూ.

“మెల్లిగానేనమ్మా. కోర్టు కిటికీల అద్దాలు నాలుగే పగిలాయి. నా వెనక ఆడమ్స్‌కి వెయ్యాలని వచ్చినవాళ్ళు పదిమంది ఉన్నారు, వాళ్ళు తమ మనిషి పేరే మర్చిపోయారు, నోరు తెరిస్తే ‘జెఫర్సన్’ తప్ప ఇంకోటి రాదు. సరే, ఇక్కడితో అయిపోతే నేనెందుకు చెప్తాను? ఆ కేక పోయి బ్లూ రిడ్జ్ కొండలకి తగిలింది. తగిలి ఊరుకుందా? పక్క కౌంటీలో పడింది. అక్కడి గుమాస్తా, ఎవరో ఓటేశారనుకుని రాసుకున్నాడు. అక్కణ్ణుంచి ఆ పై కౌంటీ. అలా కొండ కొండకీ కొట్టుకుంటూ రాష్ట్రమంతా తిరిగి, మర్నాడు పొద్దున్న నేను మొక్కజొన్న రొట్టె తింటుంటే, ఇంత దుమ్ము కొట్టుకుని ఇంటికొచ్చింది.”

“ఒక మనిషికి ఒక ఓటే కదయ్యా,” అన్నాడు జెరెమయ్య.

“ఓటు ఒకటే వేశాను షెరీఫుగారూ. ప్రతిధ్వని వెయ్యకూడదని చట్టంలో ఎక్కడుంది? అధ్యక్షుణ్ణి ఎన్నుకోడానికి వర్జీనియాకున్న ఇరవయ్యొక్క ఓట్లూ జెఫర్సన్‌కే పడ్డాయా లేదా? ఒక్కటన్నా అటు పోయిందా? ఆడమ్స్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్ కూడా వచ్చేదే. ఎదురుగాలి కొట్టింది.”

అందరం నవ్వాం. జెరెమయ్య కూడా నవ్వాడు. ఇంక పని తనదేనన్న ధీమాతో అబ్సలోమ్ కాళ్ళు బారచాపుకున్నాడు. అంతవరకూ మూలన కూర్చుని పంది మాంసం నములుతున్న బడిపంతులు ఓబదయ్య క్రిమ్ అప్పుడు నోరు తుడుచుకున్నాడు.

“అబ్సలోమూ, ఆ ఎన్నికలో మనమెవరమూ నోటితో చెప్పలేదు కదా.”

నిజమే, మాకందరికీ గుర్తొచ్చింది. ఆ ఎన్నికకి కొత్త చట్టం తెచ్చారు. అధ్యక్షుణ్ణి ఎన్నుకోడానికి మన తరఫున వెళ్ళే ఇరవయ్యొక్కమంది పేర్లూ కాగితం మీద రాసి, వెనక మన సంతకం పెట్టి ఇవ్వాలి.

“నీ కాగితం నేనే రాసిచ్చాను,” అన్నాడు పంతులు. “ఇరవయ్యొక్క పేర్లు రాసేసరికి నా వేళ్ళు పీక్కుపోయాయి. నువ్వు మెట్టెక్కి అలవాటు కొద్దీ అరిచావు. కాగితం ఇమ్మన్నారు. నా మాట మీద నమ్మకం లేదా అని అలిగి దిగిపోయావు. కాగితం టోపీలో పెట్టుకున్నట్టు గుర్తు. ఆ టోపీ నీకు వదులు కదా, బిగువుకి పనికొస్తుందని.”

జెరెమయ్య చెయ్యి చాపాడు. అబ్సలోమ్ టోపీ తీసి ఇచ్చాడు. లోపలి అంచులో, చెమటకి పచ్చబడిన కాగితం మడత. జెరెమయ్య విప్పి, వెనక్కి తిప్పి సంతకం చూసుకుని, మళ్ళీ మడిచి అక్కడే పెట్టాడు. నాకైతే అబ్సలోమ్ మీద జాలేసింది. వర్జీనియా మొత్తం అతని ఓటు పడకుండానే జెఫర్సన్‌దైపోయింది మరి.

“కోర్టులో పిలిచేవాడు జడ్జిగారు అన్న మాటే పిలవాలి,” అన్నాడు జెరెమయ్య, టోపీ తిరిగిస్తూ. “ఒక్క మాట ఎక్కువ కాకూడదు. నీవల్ల అవుతుందా?”

అబ్సలోమ్ టోపీ వంక చూస్తూ ఏదో అన్నాడు.

జెరెమయ్య పైపు నోట్లోంచి తీసి, చెవి ముందుకు పెట్టాడు. “ఏమన్నావు? వినపడలేదు.”