తోక పలక నిగనిగ

ఛీ, తియ్యి ఆ చెయ్యి! సాసేజీ తిన్న వేళ్ళతో రెక్కని తడుముతావేమిట్రా వెండెల్? అయ్యో, చొక్కాతో తుడవకు మహానుభావా, గీతలు పడతాయి! అచ్చం మీ అక్కకి తగ్గ తమ్ముడివే.

పదకొండేళ్ళు కట్టాను ఈ విమానాన్ని ఈ షెడ్డులో. కట్టడం హాయిగానే ఉండేది. రంగు మీద ఈ రుద్దుడు ఉందే, థూ! వెయ్యి నంబరు ఎమరీ కాగితం, తర్వాత పదిహేను వందలది, తర్వాత రెండు వేలది. ఆరు నెలలపాటు మోచేతుల దాకా తెల్లటి బురదే. మీ అక్క గుమ్మంలో నించుని ఏమందో తెలుసా? "ముప్పై ఏళ్ళ కాపురంలో నా వీపు ఒక్కసారైనా రుద్దావా హార్లన్?" అంది.

ఎవరి కోసం చెప్పు ఇదంతా? విమానాల మేళా జడ్జీల కోసం. టార్చిలైటు పట్టుకుని రెక్క మీదకి వంగి, "రంగు నారింజ తొక్కలా గరుగ్గా ఉందండీ" అని పోతారు. పోయినేడు పక్క షెడ్డు ఓర్విల్‌ని అలాగే అన్నారు. వాడు ఏడ్చాడు, నేను నవ్వాను. సిగ్గులేని మనిషిని.

ఉండు, ఎక్కకు. గంటలో ఎగరాలని నాకూ తెలుసు. నా గుండె చూసి డాక్టరు వద్దన్నాడు కాబట్టే కదా నిన్ను ఎగరమన్నాను. ముందు ఇది విను.

మార్చిలో తోక పలకకి పాలిష్ మిషన్ పడుతున్నా. పైకీ కిందకీ ఆడి విమానం ముక్కుని లేపుతుందే, ఆ పలక. అంచు దగ్గర మిషన్ ఒక్క క్షణం ఎక్కువ నిలిచింది. అంతే, రంగు లేచిపోయి ప్రైమరు బయటపడింది. లప్పం పెట్టా, మూడుసార్లు రంగేశా, మళ్ళీ రుద్దా. అద్దంలా వచ్చింది. మురిసిపోయాను, గాడిదని.

రంగేస్తే బరువు పెరగదూ? మళ్ళీ తూకం సరిచూడాలి. కీళ్ళ మీద వేలాడదీస్తే ఆ పలక సమంగా నిలబడాలి. వెనక్కి వాలిందిరా. వాలిన పలక వేగంలో కొట్టుకుని కొట్టుకుని తెగిపోతుంది. తోక తెగాక ఇంకేముంది?

ముందు వైపు అంచులో బరువుకి ఇంకాస్త సీసం బిగిస్తే సరిపోయేది. బిగించాలంటే ఆ అద్దంలాంటి రంగుకి చిల్లులు పొడవాలి.

పొడవలేదు. చేతులు రాలేదు.

విమానం పుస్తకంలో "సరిచూశాను, సమంగా ఉంది" అని రాసి సంతకం కూడా పెట్టాను. అలా చూడకురా. తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి.

నిన్న నువ్వు దిగొచ్చి, వేగం పెంచితే చేతిలో కంట్రోలు స్టిక్ వణికిందన్నావు. గాలి వల్లలే అన్నాను. నిన్న గాలెక్కడిది? ఆకు కూడా కదల్లేదు. నువ్వు చెబుతుంటేనే అది తోక పలకేనని నాకు తెలిసిపోయింది. తెలిసి ఏం చేశానో చెప్పనా? నీ మొహం కేసి చూడలేదు. దిగేటప్పుడు నీ బూటు గీసుకుని రెక్క మీద రంగు పోయిందేమోనని చూశానురా.